సిలక చేపిన పాట

బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు గౌలిపురాలో పెంటయ్య బర్రె సిలక చేపలేదు.

పొదుగులో పాలు ఉన్నాయి. చేత్తో ఒత్తితే తెలుస్తోంది. బర్రె వాటిని చన్నుల్లోకి వదలలేదు. పాలు అలా దిగడాన్ని చేపడం అంటారు. చేపని బర్రెను ఎంత పిండినా బకెట్ అడుగు తడుస్తుంది, అంతకుమించి రాదు. పెంటయ్య భార్య సుశీలమ్మ అరగంట కూర్చుని చెంబెడు పాలతో లేచింది.

ఆ బర్రెను రోజూ పెంటయ్యే పిండుతాడు. ఆ పొద్దున ఆయన గొంతుకు ఆపరేషన్ జరిగింది. స్వరతంతువు మీద పెరిగిన చిన్న గడ్డను తీశారు. భయపడాల్సింది కాదని డాక్టర్ చెప్పి మధ్యాహ్నానికి ఇంటికి పంపారు. రెండు వారాలు మాట్లాడకూడదు. గుసగుసలాడకూడదు. గట్టిగా ఊదకూడదు. మనవరాలు వర్షిత దారిలో ఆగి పలక, బలపం కొన్నది.

పిండడం సుశీలమ్మకు వచ్చు. పాడడం రాదు.

సిలకకు పుట్టిన దూడ వారానికే పోయింది. దూడ లేని బర్రె చేపడం కష్టం. కొందరు దూడ తోలులో గడ్డి కూరి ఎదురుగా నిలబెడతారు. కొందరు సూది వేస్తారు. పెంటయ్య పాడతాడు. ఆయన తండ్రి బక్కయ్య కూడా పాడేవాడు. ఆ పాటకు మాటలు లేవు. రాగం ఉంది, చివర గొంతు పైకెగిరి విరిగే మూడు కేకలు ఉన్నాయి. బక్కయ్య దాన్ని ఒక ఇంగ్లిష్ సినిమాలో విన్నాడు. హీరో గుర్రం మీద కూర్చుని పాడతాడని ఇంట్లో అందరికీ తెలుసు. అంతకుమించి తెలియదు. పెంటయ్య ఆ సినిమా చూడలేదు.

ఒకప్పుడు కొట్టంలో పదకొండు బర్రెలు ఉండేవి. సందులో ఇళ్లు మేడలయ్యాయి, గడ్డి బండి లోపలికి రావడం మానేసింది, బర్రెలు ఒక్కొక్కటే పోయాయి. సిలక మిగిలింది. దాన్ని కూడా అమ్మి, కొట్టం చదును చేసి, పక్కిళ్ల బండ్లు పెట్టుకోవడానికి ఇద్దామని కొడుకు అంజన్ రెండేళ్లుగా అంటున్నాడు. అంజన్‌కు జల్‌పల్లిలో ఎలక్ట్రికల్ షాపు ఉంది, ఇల్లు కూడా అక్కడే. పెంటయ్య మాత్రం తాను ఉన్నంతకాలం కొట్టంలో ఒక బర్రె ఉండాలంటాడు.

వర్షిత అంజన్ కూతురు. పత్తర్‌గట్టిలో ఒక ముత్యాల షాపుకు ఆన్‌లైన్ ఆర్డర్లు చూస్తుంది. నడిచి వెళ్లిరావచ్చని తాత దగ్గరే ఉంటుంది. బుధవారం ఆమె ఇంట్లోనే ఉంది.

పెంటయ్య పలక మీద 'పాట' అని రాసి భార్యకు చూపించాడు.

"నేను పాడాల్నా?" అంది సుశీలమ్మ. "నా పాటకు బర్రె చేపుడు కాదు, తాడు తెంపుకొని శాలిబండ దాక ఉరుకుతది."

"నేను పాడుత, జరుగు నానమ్మా," అంది వర్షిత.

ఆమెకు ఆ రాగం చిన్నప్పటి నుంచి తెలుసు. పాడింది. పెంటయ్య చెయ్యి గాల్లో పైకీ కిందికీ ఆడిస్తూ గొంతు ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ దించాలో చూపించాడు. మూడోసారికి చెయ్యి ఆడించడం ఆపి తల ఊపాడు. రాగం సరిగ్గా ఉంది. సిలక గడ్డి నములుతూ నిలబడింది. చేపలేదు.

తాత పాడింది ఫోనులో ఎక్కడైనా ఉందేమోనని వర్షిత వెతికింది. పెళ్లిళ్లలో ఆయన మాట్లాడినవి ఉన్నాయి, బోనాలకు నవ్వినవి ఉన్నాయి. కొట్టంలో పాడింది లేదు. రోజూ వినేదాన్ని ఎవరూ రికార్డు చేయలేదు.

గురువారం రెండు పూటలా అదే జరిగింది. సాయంత్రం అంజన్ వచ్చాడు. వెంట బర్రెల బేరగాడు మున్నా వచ్చాడు. మున్నా పొదుగు కింద చెయ్యి పెట్టి చూశాడు.

"అంజన్ భాయ్, గట్టి పడుతున్నది. ఇట్లనే నాలుగు దినాలు పోతే ఎండిపోతది, లేకుంటే వాపొస్తది. గప్పుడు నేను గూడ కొన. ఒక్క సూది ఏస్తే ఇప్పుడే ధార పడ్తది. ఏయమంటవా?"

పెంటయ్య పలక ఎత్తాడు. 'సూది వద్దు.'

"బాపు, అందరు ఏస్తున్నరు."

పెంటయ్య 'వద్దు' కింద గీత గీశాడు.

"ఆయన నోరు మూసిండ్రు గని చెయ్యి మూయలే," అంది సుశీలమ్మ. "కూసో మున్నా, చాయ్ తాగు. డబ్బా పాలదే."

అంజన్ తండ్రి పక్కన మంచం మీద కూర్చున్నాడు. "బాపు, నేను లొల్లి పెట్టనీకి రాలే. దానికి రోగమొస్తే నువ్వే తట్టుకోవు. ఆయితారం పొద్దుగాల దాక చూద్దాం. చేపిందా, ఉంటది. నేను మళ్ల అమ్మమని అడగ. చేపలేదా, మున్నా బండి తెస్తడు. మంచి ఇంటికే ఇస్తడు. ఏమంటవ్?"

పెంటయ్య పలక తుడిచాడు. తర్వాత 'సరే' అని రాసి, పలక బోర్లా పెట్టి కొట్టంలోకి వెళ్లాడు.

వర్షిత వెనకే వెళ్లింది. "తాతా, రాగంల ఏదో తప్పుతున్న. అసలు పాట వింటే తెలుస్తుండె. ఆ సినిమా పేరేంది?"

పెంటయ్య తలుపు మీద బలపంతో రాశాడు. 'తెల్వదు. రామలింగం సేట్‌ను అడుగు. చిన్నగున్నప్పుడు బాపుతోని పోయిండు.'

రామలింగం కుటుంబానిది పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం. ఇల్లు దాని పైనే. ఆ ఇంటికి పాలు పోసేది బక్కయ్య, తర్వాత పెంటయ్య. రామలింగానికి తొంభై దగ్గర పడుతున్నాయి. దుకాణం మనవడు వరుణ్ చూసుకుంటాడు. రామలింగం మేడ మీద గదిలో టీవీ ముందు కూర్చుంటాడు. శుక్రవారం సాయంత్రం షాపు నుంచి వర్షిత అక్కడికి వెళ్లింది.

తలుపు తీసింది రామలింగం భార్య నాగమణమ్మ. "పాలేవి పిల్లా? మూడు దినాల సంది డబ్బా పాల చాయ్ తాగి ఈయన మొఖం చూడు ఎట్ల పెట్టిండో."

వర్షిత సంగతి చెప్పింది. రామలింగం టీవీ ఆపేశాడు.

"తెల్ల గుర్రం పిక్చర్," అన్నాడు. "మేమందరం గట్లనే అంటుంటిమి. అసలు పేరు ఎవనికి తెలుసు? అది ఆడిన టాకీసుల చాయ్ దుకాణంకు బక్కయ్య పాలు పోస్తుండె. గేటు కాడ ఆయనకు టికెట్ లేదు. నన్ను గూడ ఎంబడి తీస్కపోతుండె. మా నాయినకు చెప్పకుండ."

"ఇన్నేండ్లకు చెప్పిండు దొంగ," అంది నాగమణమ్మ.

"కథ ఏంది సేట్ తాతా?"

"ఏముంది. మీ లెక్కనే వానికీ పశువులు. బర్రెలు గావు, ఆవులు. వేలకు వేలు."

"పాలు పిండుతడా?"

"పిండంగ నేను చూడలే. పాడుతడు, కొడ్తడు, మళ్ల పాడుతడు."

ఆ టాకీసు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో చెప్పుల షాపులు ఉన్నాయి.

వర్షిత ఫోనును టీవీకి కలిపి వెతకడం మొదలుపెట్టింది. హాలీవుడ్ సినిమాకు మాట వచ్చిన కొత్తలో, గుర్రం మీద తిరిగే పశువుల కాపరి గిటారు పట్టుకుని పాడే సినిమాలు చిన్న కంపెనీలు వరసపెట్టి తీశాయి. చాలావాటి నిడివి గంటే. హక్కుల గడువు తీరినవి కొన్ని ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఎవరైనా చూడవచ్చు. వర్షిత ఒక్కొక్కటి పెట్టింది. రామలింగం ఒక్కొక్కటి తీసేయమన్నాడు.

"వీడు కాదు. టోపీ నల్లగుంది."

"తెల్ల టోపీ ఉన్నోడు వచ్చిండు చూడు తాతా."

"గుర్రం చూడు. నెత్తి మీద మచ్చ ఉంది. మన గుర్రంకు మచ్చ లేదు."

నాగమణమ్మ కూడా వచ్చి కూర్చుంది. హీరో నలుగురితో కలబడ్డాడు. బల్ల విరిగింది, అద్దం పగిలింది. "టోపీ కింద పడలేదేంది?" అని అడిగింది. తర్వాతి సినిమాలోనూ పడలేదు. ఎడారిలో హీరో ఒక్కడే పాడుతుంటే వెనక వాయిద్యాలు మోగాయి. "వాయించెటోళ్లు రాళ్ల ఎనక దాక్కున్నరా?" అంది. ఒక సినిమాలో అందరూ గుర్రాల మీద తిరుగుతుంటే విలన్ ఫోనులో మాట్లాడి కారెక్కి పోయాడు. నాగమణమ్మ లేచి అన్నం వండడానికి వెళ్లింది.

ఆ రాత్రికి దొరకలేదు. శనివారం మధ్యాహ్నం వర్షిత షాపులో అడిగి ముందుగా బయటపడింది. రెండో సినిమా మొదలైన కాసేపటికి రామలింగం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఆపకు. ఇదే."

తెల్ల గుర్రం కొండ దిగింది. మచ్చ లేదు. సినిమా సగం దాటాక హీరో గుర్రం మీదే కూర్చుని గిటారు తీశాడు. వర్షిత ఆ రాగాన్ని గుర్తుపట్టింది. గౌలిపురా కొట్టంలో విన్నదే. ఇందులో మాటలు ఉన్నాయి, అంతే తేడా. ఆమె ఫోనులో రికార్డు చేయడం మొదలుపెట్టింది.

పాట మధ్యలో రామలింగం రెండు వేళ్లు నోట్లో పెట్టి సీటీ కొట్టాడు.

వంటింట్లో గిన్నె కింద పడింది. "ఏమైంది మీకు? ఈ వయసుల సీటీ ఏంది? కింద వరుణ్ బేరం చేస్తుండు!"

రామలింగం ఆమె మాట వినలేదు. టీవీ వైపే చూస్తున్నాడు. పాట ఆగకుండా సాగింది. హీరో మూడు కేకలు వేసి గిటారు దించాడు.

"ఆగలేదేంది?" అన్నాడు రామలింగం.

"ఏంది తాతా ఆగేది?"

"పాట. ఈడ ఆగుతది. ఆ టాకీసుల మిషన్ ఒక్కటే. ఈడికి రీలు అయిపోతది. తెర మొత్తం తెల్లగయితది. ఇంకో రీలు ఎక్కించేదాక నేల టికెట్టోళ్లందరం సీటీలు కొడ్తుంటిమి. మస్తు కొడ్తుంటిమి. బక్కయ్య సీటీ కొడ్తే మా చెవులు మూసుకుంటుంటిమి. రీలు ఎక్కంగనే హీరో ఆ కేకలు ఏస్తుండె. రోజు అంతే. పిక్చర్ ఉన్నన్ని దినాలు అంతే."

వర్షిత రికార్డు ఆపింది. "సేట్ తాతా, మా తాత గూడ పాట నడుమ సీటీ కొడ్తడు."

"మరి? బక్కయ్య కొడుకు గదా."

"అది పాటల ఉన్నదని మాకు తెల్వదు."

మూడున్నరకు ఆమె ఆటో ఎక్కింది. కొంత దూరానికే ఆటో ఆగిపోతే దిగి చార్మినార్ దాకా నడిచి, అక్కడ ఇంకో ఆటో పట్టింది. ఇంటికి వచ్చేసరికి సుశీలమ్మ గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడుగుతోంది. పెంటయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నానమ్మా, పాలు పిండేటప్పుడు తాత సీటీ ఎందుకు కొడ్తడు?"

"నన్ను పిల్వనీకి. బకెట్ తెమ్మని. మా మామ గూడ మా అత్తను గట్లనే పిల్సేటోడు. నేను పెండ్లి చేసుకొని వచ్చిన దినం మా అత్త చెప్పింది, సీటీ వినబడితే బకెట్ పట్టుకొని ఉరకమని. ఇప్పుడు నేను ఈన్నే ఉంటి, బకెట్ ఈన్నే ఉండె. ఇంక సీటీ ఎవలకు?"

రామలింగం దగ్గర విన్నదంతా వర్షిత చెప్పింది. రీలు, తెల్ల తెర, నేల టికెట్ సీటీలు. సుశీలమ్మ చేతులు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది.

"అంటే ఇన్నేండ్ల సంది నువ్వు పిల్సింది నన్ను కాదా?"

పెంటయ్య పలక వెతికి రాశాడు. 'నాకు తెల్వదు. బాపు కొడ్తుండె, నేను కొట్టిన.'

"నేను పొయ్యి మీద కూర వదిలి ఉరికిన. జ్వరమొచ్చినా ఉరికిన. టాకీసుల రీలు అయిపోయిందని ఉరికిన్నా?"

పెంటయ్య భుజాలు కదిలాయి. "నవ్వకు," అంది సుశీలమ్మ. "గొంతు పోతది. నవ్వుడు గూడ బందే."

వర్షిత పాడింది. హీరో ఆగని చోట ఆగింది. కాసేపు ఊరుకుంది. సిలక నమలడం ఆపి చెవులు వెనక్కి తిప్పింది. వర్షిత కేకలు అందుకుంది. సిలక మళ్లీ నమలడం మొదలుపెట్టింది. చేపలేదు.

"సీటీ కావాలె," అంది వర్షిత. వేళ్లు నోట్లో పెట్టి ఊదింది. గాలి వచ్చింది. ఫోనులో రికార్డయిన రామలింగం సీటీని వినిపించింది. అందులో నాగమణమ్మ తిట్లు కూడా ఉన్నాయి. సిలక ఫోనును వాసన చూసి తోక కొట్టింది.

పెంటయ్య నోటి వైపు వేళ్లు తీసుకెళ్లాడు. సుశీలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"డాక్టర్ ఏమన్నడు? ఊదొద్దన్నడు. జరుగు."

ఆమె చీర కొంగుతో వేళ్లు తుడుచుకుంది. "నన్ను పిల్వనీకి నేనే సీటీ కొట్టుకోవాల్నా? ఇదేం కర్మరా నాయినా."

"నీకు వస్తదా నానమ్మా?"

"మా అన్నలు ఐదుగురు. వాళ్లు పతంగులు కోస్తుంటే మిద్దె మీద సీటీ ఎవలు కొడ్తుండిరి అనుకున్నవ్? పెండ్లయినంక బంద్ చేసిన. మా అత్త వింటే బాగుండదని. నువ్వు పాడు."

వర్షిత మొదటి నుంచి పాడింది. ఆగింది. సుశీలమ్మ మొదటిసారి ఊదితే గాలే వచ్చింది. నాలుకను వెనక్కి మడిచి మళ్లీ ఊదింది. ఎదురింటి మేడ మీద పావురాలు లేచాయి. సందులో ఎవరో "కౌన్ హై బే?" అని అరిచారు.

సిలక నమలడం ఆపింది. వెనక కాళ్లు ఎడంగా పెట్టింది. వర్షిత కేకలు వేసింది. మూడో కేక పూర్తికాక ముందే పెంటయ్య వంగి పొదుగు కింద చెయ్యి పెట్టాడు. చన్నులు నిండాయి. ఆయన పీట లాక్కుని కూర్చున్నాడు. ధార బకెట్ అడుగుకు తగిలి మోగింది.

బకెట్ సగం నిండాక మోత మారింది. సిలక తల వంచి తొట్టిలోకి మూతి పెట్టింది.

వర్షిత తండ్రికి ఫోను చేసింది. "డాడీ, చేపింది."

"ఎవలు పాడిండ్రు?"

"నేను."

"సూది గిట్ల ఏసిండ్రా?"

"లేదు. నానమ్మ సీటీ కొట్టింది."

"పొద్దుగాల వస్త," అన్నాడు అంజన్. "మున్నాకు రమ్మని చెప్పి ఉంచిన. నా కండ్ల ముంగట చేపితే ఆయన్ని తిప్పి పంపుత."

ఆదివారం ఆరున్నరకు మున్నా బండి సందు మొదట్లో ఆగింది. లోపలికి పట్టలేదు. మున్నా, అంజన్ నడిచి వచ్చారు. మున్నా చేతిలో కొత్త తాడు ఉంది. సుశీలమ్మ వాళ్లను కొట్టం గుమ్మం దగ్గరే ఆపింది.

"ఆన్నే నిలబడుండ్రి. కొత్తోళ్లను చూస్తే బెదురుతది."

"నేను కొత్తోన్నా అమ్మా?" అన్నాడు అంజన్.

"బర్రెకు కొత్తోనివే. ఎన్నడన్న వచ్చి గడ్డేసినవా?"

పెంటయ్య పీట మీద కూర్చున్నాడు. వర్షిత పాడింది. మున్నా అంజన్ చెవిలో ఏదో చెప్పి నవ్వాడు. పాట ఆగింది. సుశీలమ్మ సీటీ కొట్టింది. మున్నా వెనక్కి తిరిగి సందులోకి చూశాడు. ఎవరూ కనబడలేదు. మళ్లీ ఇటు తిరిగేసరికి సుశీలమ్మ వేళ్లు తుడుచుకుంటోంది.

"అరె బాప్ రే," అన్నాడు మున్నా.

మూడు కేకలు అయ్యాయి. సిలక చేపింది.

పెంటయ్య చివరి ధార దాకా పిండాడు. అంజన్ గుమ్మం దాటి వచ్చి బకెట్ అందుకున్నాడు. అది నిండుగా ఉంది. కాసిని పాలు అతని బూటు మీద ఒలికాయి.

"మాటంటే మాటే బాపు," అన్నాడు. "మళ్ల అడగ."

పెంటయ్య పలక తీసి రాశాడు. 'గడ్డి ఎయ్యి.'

అంజన్ నవ్వి, బకెట్ దించి, మోపు విప్పాడు.

మున్నా చాయ్ తాగాడు. రెండో కప్పు అడిగాడు. "అమ్మా, నా దగ్గర ఇంకో బర్రె ఉంది. అదీ చేపుతలేదు. ఒక్కసారి వచ్చి సీటీ కొడ్తవా?"

"పాడేటోళ్లను తెచ్చుకో. నేను ఒట్టి సీటీకి రాను."

ఏడున్నరకు మున్నా తాడు చుట్టుకుని బయలుదేరాడు. బండి ఖాళీగా వెళ్లింది. అంజన్ మధ్యాహ్నం దాకా ఉన్నాడు. వర్షిత పాల క్యాను తీసుకుని పత్తర్‌గట్టికి వెళ్లింది. నాగమణమ్మ గిన్నె పట్టింది. రోజూ తీసుకునేది లీటరు. ఆ రోజు లీటరున్నర తీసుకుంది.